‘కాదు’ అనగలిగినవాని ‘అవును’



గత వర్షాకాలములో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, కాల్హేర్‌లో మేము కూడుకొనే గది మెట్ల మీద ఒక యువకుడు నన్ను ఆపాడు. వరుసకు నాకు తమ్ముని కొడుకు. కరీంనగర్ వైపు నుండి వచ్చి చాలా సంవత్సరములుగా భివండీలో సాంచలు నడుపుతున్నాడు. ఆ రోజులలో మందీ వచ్చి సేఠు సాంచలు ఆపివేశాడు. పగారు లేదు, గది కిరాయి బాకీ పడింది.

“పెద్దబాపూ, మూడు వారాలాయె సాంచలు నడువక. హైదరాబాదుల మందుల పరీక్షకు పోతె రెండు రాత్రులుంచుకొని, రక్తం తీసుకొని పైసలిస్తరట. మా ఊరి పోరగాళ్లు పోయొచ్చిండ్రు. నేను పోవచ్చునా? పాపమా?” అని అడిగాడు.

నేను ఆలోచించకుండానే జవాబు చెప్పాను. “దేవుడిచ్చిన ఒళ్లు బిడ్డా, అమ్ముకునేటందుకు గాదు” అన్నాను.

అతడు నా ముఖము వైపు చూసి మెల్లగా అన్నాడు: “సాంచ కాడ అమ్ముకుంట లేనా పెద్దబాపూ? చెవులు సగం పోయినయి. దుమ్మంత రొమ్ములకు పోతున్నది. ఆడ ఎవ్వలన్న నన్ను సంతకం అడిగిండ్రా?”

నాకు మాట రాలేదు. గొడుగు తెరచి ఇంటికి వెళ్ళిపోయాను. కాని ఆ ప్రశ్న నాతో కూడ ఇంటికి వచ్చింది. ఆ రాత్రి మొదలుకొని నేను ఆలోచించిన సంగతులను మీ ముందు ఉంచుచున్నాను. ఇది మన కుటుంబములలో చాలా మందికి వచ్చిన ప్రశ్న. రానివారికి రేపు రావచ్చును.

నేను మ్రింగిన మాత్రలు

మొదట నా సంగతి చెప్పాలి. 1996లో నాకు క్షయ వచ్చింది. రాత్రి పాళీలో దగ్గుతూ దగ్గుతూ బట్ట మీద రక్తపు చుక్క పడింది. మా నాయన తరములో అయితే, క్షయ అంటే ఇల్లు విడిచి ఏదో ఒక శానిటోరియములో నెలల తరబడి పడుకొనుట. మంచము దొరకనివారికి చావే గతి. నేను మాత్రము ఇంటిలోనే ఉండి, భార్యాపిల్లల మధ్యనే, సర్కారు దవాఖాన మాత్రలు తిని బాగుపడ్డాను.

ఇంటిలో ఉండి బాగుపడవచ్చునని ఎవరు కనుగొన్నారు? చాలా ఏండ్ల తరువాత ఒక డాక్టరు గారు నాకు చెప్పగా తెలిసింది. 1956లో మద్రాసులో క్షయ వైద్య పరిశోధనా కేంద్రము ఒకటి ప్రారంభమైనది. భారత వైద్య పరిశోధనా మండలి, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి కలసి దానిని నడిపాయి. నేడు చెన్నైలో జాతీయ క్షయ పరిశోధనా సంస్థ అని పిలువబడేది అదే. ఆ కేంద్రమువారు మద్రాసు నగరములోని బీద క్షయరోగులను దాదాపు 200 మందిని తీసుకొని, చీటీలు వేసినట్లు రెండు గుంపులు చేశారు. ఒక గుంపును శానిటోరియములో మంచి తిండి, విశ్రాంతితో ఉంచి మందులు ఇచ్చారు. రెండవ గుంపుకు అవే మందులిచ్చి, వారి ఇరుకు ఇండ్లకే పంపించారు. ఒక సంవత్సరము గడచిన తరువాత చూస్తే, ఇంటిలో ఉన్నవారు శానిటోరియములో ఉన్నవారికి సుమారు సమానముగానే బాగుపడ్డారు. ఇంటిలోనివారికి వ్యాధి అంటుకొనుటలో కూడ పెద్ద తేడా కనబడలేదు. 1959లో ఆ ఫలితము ప్రచురితమైనది. లోకములోని బీద దేశములన్నిటిలో క్షయవైద్యపు దారి దానితో మారిపోయింది.

ఆ 200 మంది పేర్లు మనకు తెలియవు. ఏ చీటీ తమ వంతుకు వస్తుందో తెలియక, ఏ పద్ధతి మేలో డాక్టర్లకే తెలియక ఉన్న సమయములో వారు అందులో చేరారు. నలువది ఏండ్ల తరువాత భివండీలో ఒక సాంచ కార్మికుడు తన ఇంటిలోనే బ్రతికాడు. నా ఊపిరి మీద వారి అప్పు ఉన్నది.

మన ముంబయి సంగతి కూడ జ్ఞాపకము చేసికొందము. 1896లో ఈ నగరములో ప్లేగు చెలరేగినప్పుడు, హాఫ్కిన్ అనే శాస్త్రవేత్త గ్రాంట్ వైద్య కళాశాలలో టీకా తయారు చేసి, 1897 జనవరి 10న మొట్టమొదట తన శరీరములోనే ఎక్కించుకొన్నాడు. ఆ తరువాత బైకుల్లా జైలులో ముందుకు వచ్చిన ఖైదీలకు ఇచ్చాడు. అదే సంవత్సరము ఆగస్టులో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దొర మలేరియా దోమల గుట్టు కనుగొన్నాడు. ఆ దోమల చేత కుట్టించుకొన్న రోగి హుసేన్ ఖాన్. దోమకు ఒక అణా చొప్పున అతనికి కూలి ఇచ్చారు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానము వచ్చింది.

గమనించండి. హాఫ్కిన్ తన శరీరమునే ముందు పెట్టాడు. ఖైదీ ముందుకు వచ్చాడు, కాని జైలులో ఉన్నవాడు ఎంతవరకు స్వేచ్ఛగా వచ్చినట్లు? హుసేన్ ఖాన్ అణాల కొరకు వచ్చాడు. ముగ్గురి వలనను మనకు మేలు కలిగింది. కాని ముగ్గురి ‘అవును’లు ఒకటేనా?

బావి నీళ్లు, మూసిన ఉత్తరము

దావీదు జీవితములో రెండు సంఘటనలు మీ అందరికి తెలిసినవే. నేను వాటిని ఎప్పుడును ప్రక్క ప్రక్కన పెట్టి చూడలేదు.

మొదటిది బేత్లెహేము బావి. దావీదుకు దాహము వేసి, ఆ బావి నీళ్లు ఎవరైనా తెచ్చి ఇస్తే బాగుండునని అనుకొన్నాడు. ఆజ్ఞ ఇవ్వలేదు. ముగ్గురు శూరులు తమంతట తామే శత్రువుల దండు మధ్య నుండి దూసుకొని పోయి నీళ్లు తెచ్చారు. దావీదు ఆ నీళ్లు త్రాగలేదు. ప్రాణములకు తెగించి తెచ్చిన నీరు రక్తముతో సమానమని ఎంచి దేవుని సన్నిధిని పారబోశాడు.

రెండవది ఊరియా చేతిలోని ఉత్తరము. అదే దావీదు ఒక ఉత్తరము వ్రాసి ఊరియా చేతికిచ్చి సేనాధిపతి యొద్దకు పంపాడు. అందులో ఊరియా చావే వ్రాసి ఉన్నది. మోసుకొని పోయినవానికి అందులో ఏమున్నదో తెలియదు.

శూరుల పేర్లు వ్రాసిన జాబితాలో చివరి పేరు ఊరియాది. బావి నీళ్ల కథ, ఊరియా పేరు రెండును ఒకే అధ్యాయములో ఉన్నవి. ప్రాణము అపాయములో పెట్టుట రెండు చోట్లను ఉన్నది. తేడా ఎక్కడ? శూరులు దండును కన్నులారా చూసి, తెలిసి వెళ్ళారు. వెళ్ళకపోయినా వారిని అడిగేవారు లేరు. ఊరియాకు తెలియదు, తప్పించుకొనే దారి లేదు.

మన దేశములో మందుల పరీక్షల చరిత్ర అంతా ఈ రెండింటి మధ్యనే నడచినది.

ఖమ్మం జిల్లాలో జరిగినది

2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో 10 నుండి 14 సంవత్సరముల బాలికలకు గర్భాశయ ముఖద్వార కాన్సరును నిరోధించే టీకా వేయుట ప్రారంభించారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వము కలసి చేపట్టిన కార్యక్రమమది. సుమారు 14,000 మంది బాలికలు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలోను ఇటువంటిదే జరిగినది. ఖమ్మములో ఆ బాలికలలో అనేకులు గిరిజన కుటుంబములవారు, ప్రభుత్వ వసతిగృహములలో ఉండి చదువుకొనేవారు.

కొందరు బాలికలు చనిపోగా గగ్గోలు లేచింది. 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వము ఆ కార్యక్రమమును ఆపివేసింది. న్యాయముగా చెప్పవలసినది చెప్పాలి: రెండు రాష్ట్రములలో కలిపి నమోదైన 7 మరణములకు టీకాయే కారణమని విచారణ తేల్చలేదు. పాముకాటు, నీటిలో మునుగుట వంటి ఇతర కారణములే ఎక్కువగా కనబడ్డాయి. ఆ టీకా నేడు అనేక దేశములలో లక్షలాది ఆడపిల్లలను కాపాడుచున్నది. దానిని చూచి భయపడవలదు.

అయితే తప్పు ఎక్కడ? సమ్మతి పత్రములలో. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 పత్రములలో 1,948 వేలిముద్రలవి. 2,763 పత్రముల మీద సంతకము చేసినది తల్లిదండ్రులు కాదు, వసతిగృహముల వార్డెన్లు. ఇది పరీక్ష కాదు, టీకా ఏ రీతిగా అందించాలో చూపే కార్యక్రమము మాత్రమేనని ఆ సంస్థ వాదించింది. 2013 ఆగస్టు 30న ఇచ్చిన నివేదికలో పార్లమెంటు స్థాయీ సంఘము ఆ వాదనను అంగీకరించక, గట్టిగా తప్పుపట్టింది.

కొందరు అంటారు: టీకా మంచిదే కదా, ఎవరు సంతకము పెడితే ఏమి? ఇక్కడనే మనము నిలిచి ఆలోచించాలి. ఉత్తరములో మంచి వార్తయే ఉన్నదనుకొందము. అయినను, మోసేవానికి చదివి వినిపించకపోవుట వానిని మనిషిగా కాక సంచిగా ఎంచుటయే. ఫలితము మంచిదైనంత మాత్రమున మొదటి అవమానము తుడిచిపోదు. కూలికి పోయిన ఆ తల్లిని సాయంత్రము దాకా ఆగి అడిగి ఉంటే, బహుశా ఆమె సంతోషముగా ‘అవును’ అని ఉండేది. అడుగకపోవుటలోనే తప్పు ఉన్నది.

ఆ తరువాత కూడ మన ప్రాంతముల పేర్లు పత్రికలలో వచ్చాయి. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ల నుండి బీద స్త్రీలను దళారులు కాన్సరు మందు పరీక్షకు హైదరాబాదు తీసికొని వెళ్ళిన సంగతి బయటపడింది. 2017లో కరీంనగర్ జిల్లాలో యువకులు డబ్బు కొరకు ఇటువంటి పరీక్షలకు పోవుచున్నారని, ఒకరి మరణము తరువాత అందరికి తెలిసింది. అవి మన వెనుక విడిచి వచ్చిన ఊళ్లు. ఆ యువకులు మన తమ్ముళ్ల పిల్లలు.

బియ్యపు సంచి ప్రక్కన పెట్టిన విశ్వాసము

బాప్తిస్టులమైన మనకు ఈ ప్రశ్న కొత్తది కాకూడదు. మనలను ఇతర సంఘముల నుండి వేరుగా నిలిపినది ఏమి? పసిబిడ్డకు తెలియకుండ, ఇంకొకరి మాట మీద బాప్తిస్మము ఇవ్వము. తెలిసి, నమ్మి, తన నోటితో ఒప్పుకొన్నవానికే ఇస్తాము. ఒకని బదులు మరొకడు ‘అవును’ అనుట మన దగ్గర చెల్లదు. వార్డెను సంతకము తప్పని మనకు ఎవరును నేర్పనక్కరలేదు.

ఇంకొక సంగతి. 1876 నుండి 1878 వరకు మన తెలుగు దేశములో గొప్ప కరవు వచ్చినప్పుడు, ఒంగోలులో ఉన్న క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసికొని వేలమందికి కూలి చూపించారు. ఆ కాలములో బాప్తిస్మము అడిగినవారు లేకపోలేదు. కాని ఏడాదికి పైగా ఆయన ఎవరికిని బాప్తిస్మము ఇవ్వలేదు. ఎందుకు? అన్నము కొరకు వచ్చారో విశ్వాసము వలన వచ్చారో తెలియదు గనుక. కరవు సహాయము ఆగిన తరువాత కూడ వారు వచ్చారు. అప్పుడు 1878 జూలై 3న గుండ్లకమ్మ యొద్ద వెల్లంపల్లిలో ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మము ఇచ్చారు.

ఆ సంఖ్యను మనము పండుగలలో గర్వముగా చెప్పుకొంటాము. దాని వెనుకనున్న ఏడాది ఆగుదలను చెప్పుకొనము. నా దృష్టిలో ఆ ఆగుదలయే గొప్పది. ఆకలితో ఉన్నవాని ‘అవును’ మీద ఏమియు కట్టకూడదని ఆయన ఎరుగును. ‘కాదు’ అనగలిగినవాని ‘అవును’కే విలువ ఉన్నది.

1947లో నురంబర్గు న్యాయస్థానము, యుద్ధకాలములో ఖైదీల మీద క్రూరమైన ప్రయోగములు చేసిన జర్మను డాక్టర్లకు శిక్ష వేస్తూ పది సూత్రములు ప్రకటించింది. అందులో మొట్టమొదటిది స్వచ్ఛంద సమ్మతి. లోకమంతటి వైద్యులు నేటికిని గౌరవించే సూత్రమది. క్లౌ దొరగారు దానిని దాదాపు 70 సంవత్సరముల ముందే, వేరొక సంగతిలో, ఆచరణలో చూపారు.

అయితే బీదవాడు వెళ్ళనే కూడదా?

ఇక్కడికి వచ్చి నేను ఆగిపోయాను. ఆకలితో ఉన్నవాని సమ్మతి చెల్లదంటే, నా తమ్ముని కొడుకు ఏ పరీక్షకును వెళ్ళకూడదు. బ్యాంకులో డబ్బు ఉన్నవాడే వెళ్ళవచ్చును. కాని అతడు వెళ్ళడు! అప్పుడు మందులు ఎలా పుడతాయి? మనమందరము ‘మేము వెళ్ళము’ అని, మాత్రలు మాత్రము మ్రింగుతూ ఉంటే, మనకంటె దిక్కులేనివారిని ఎవరో ఎక్కడో పట్టుకొని వెళ్తారు. బావి నీళ్లు త్రాగుతాము, తెచ్చినవాని ముఖము చూడము. అది పరిశుద్ధత కాదు.

మరొకటి. బీదవానికి తన శరీరము గూర్చి నిర్ణయము చేసికొనే తెలివి లేదన్నట్లు మాట్లాడుట కూడ అవమానమే. సాంచ యొద్ద పన్నెండు గంటలు నిలువబడి, దుమ్ము పీల్చి, చెవులు పోగొట్టుకొనేటప్పుడు మనము ఎవరమును అతనిని ఆపలేదు. దానికి కష్టము అని పేరు పెట్టి మెచ్చుకొన్నాము. అతని మాట నాకు తగిలినది అందుకే. నిజమే, సాంచ తప్పు పరీక్ష తప్పును ఒప్పుగా చేయదు. కాని ఒకదానిని చూచి కండ్లు మూసికొని, రెండవదానిని చూచి ‘పాపము’ అని కేక వేసే హక్కు నాకు లేదు.

డబ్బు మాట కూడ విప్పి చూడవలసినదే. పోయిన కూలికి, బండి ఖర్చుకు, కేటాయించిన సమయమునకు డబ్బు ఇచ్చుట న్యాయము. అది కూడ ఇవ్వకపోతే బీదవాడు నష్టపడి లోకమునకు మేలు చేయాలి. కాని వెరపించే అపాయము ఉన్నప్పుడు, నోరు మూయించేటంత డబ్బు చూపుట న్యాయము కాదు. తక్కెడలో ఒక ప్రక్క అపాయము, మరొక ప్రక్క మేలు ఉంచి మనిషి తూచుకోవాలి. కిరాయి బాకీ, పిల్లల ఆకలి ఆ తక్కెడ మీద కూర్చుంటే తూకము తప్పుతుంది. అప్పుడు చేయవలసినది ఆ మనిషిని తలుపు బయట నిలువబెట్టుట కాదు, తక్కెడ మీది ఆకలిని దించుట. ఆ పని ఎవరిది? దీనికి తరువాత వస్తాను.

తెలిసికొనవలసిన సంగతులు

అన్ని పరీక్షలు ఒకే రకము కాదు. రోగికి కొత్త వైద్యము ఇచ్చి చూసేవి కొన్ని. ఆరోగ్యవంతులకు టీకా వేసి చూసేవి కొన్ని. 2020లో కరోనా కాలములో మన హైదరాబాదు నిమ్స్‌లో కోవాక్సిన్, ముంబయి కె.ఇ.ఎం., నాయర్ ఆసుపత్రులలో కోవిషీల్డ్ పరీక్షలకు ఎందరో ముందుకు వచ్చారు. కోవాక్సిన్ మూడవ దశలోనే 25,800 మంది. ఇక మూడవ రకము, మా యువకుడు అడిగినది: ఒక కంపెనీ మాత్ర మరొక కంపెనీ మాత్రవలెనే రక్తములో కలుస్తున్నదా అని ఆరోగ్యవంతుల మీద చూసేది. చౌక మందులు మనకు దొరుకుట వీటి వలననే.

మందు లేకుండ తిండితో చేసిన పరీక్ష కూడ ఉన్నది. 2019 నుండి జార్ఖండ్‌లో 2,800 మంది క్షయరోగుల ఇండ్లలో, వారితో కలసి నివసించే 10,000 మందికి పైగా కుటుంబీకుల మీద ఒక అధ్యయనము జరిగినది. రోగులందరికి ఆహారము ఇచ్చారు. కుటుంబీకులలో ఒక గుంపుకు కూడ అదనపు ఆహారము ఇచ్చారు, రెండవ గుంపుకు ఇవ్వలేదు. ఆహారము అందిన ఇండ్లలో కొత్తగా క్షయ వచ్చుట 39 శాతము తగ్గినది. 2023లో ఆ ఫలితము వెలువడినది. ఆహారము అందని గుంపులోని ఇండ్లవారు కూడ ఈ జ్ఞానమునకు తమ వంతు ఇచ్చినవారే. వారిని కూడ మనము మరువరాదు.

కొన్ని పరీక్షలు ‘పని చేయలేదు’ అని తేలుతాయి. 1968లో చెంగల్పట్టు జిల్లాలో, తెలుగు కుటుంబములు కూడ ఉన్న ప్రాంతములో, సుమారు 2,60,000 మందితో బి.సి.జి. టీకా పరీక్ష మొదలైనది. పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదని తేలింది. అది వ్యర్థము కాదు. దారి మూసి ఉన్నదని చెప్పినవాడు కూడ దారి చూపినవాడే.

మన దేశములో 2019 మార్చి నుండి అమలులో ఉన్న కొత్త మందుల, వైద్య పరీక్షల నియమములు పాల్గొనేవారికి కొన్ని హక్కులు ఇచ్చాయి. ఎవరైన మిమ్మును పిలిస్తే ఈ ప్రశ్నలు అడగండి:

1. ఈ పరీక్షను నీతి సంఘము ఆమోదించినదా? ఆ సంఘములో వైద్యులే కాక సామాన్యుల ప్రతినిధి కూడ ఉండాలి. వారి ఫోను నంబరు పత్రములో ఉండాలి.

2. మందుల పరీక్షల జాతీయ నమోదు పట్టికలో దీని నంబరు ఏమి? 2009 జూన్ 15 నుండి ఆ నమోదు తప్పనిసరి.

3. పత్రము నాకు అర్థమయ్యే భాషలో ఉన్నదా? ఇక్కడ మరాఠీ, హిందీ పత్రములు ఇస్తారు. మనము మాట్లాడుతాము గాని చదివి గ్రహించలేము. తెలుగు పత్రము అడుగుట మన హక్కు. చదువురానివారికి పక్షపాతము లేని సాక్షి ఎదుట అంతా వినిపించాలి.

4. మధ్యలో మానుకోవచ్చునా? ఎప్పుడైనను, కారణము చెప్పకుండ మానుకోవచ్చును. మానుకొన్నందున మీ మామూలు వైద్యము ఆగరాదు.

5. నాకు హాని కలిగితే? పరీక్ష వలన గాయమైతే ఉచిత వైద్యము, నష్టపరిహారము ఇవ్వాలి.

6. నాకు అసలు మందే ఇస్తారా, పైకి అటువంటిదే కాని మందు లేని మాత్ర ఇస్తారా? చీటీ పద్ధతి ఉంటే ఆ మాట ముందే చెప్పాలి. ఇది మీ వైద్యము కొరకే జరుగుతున్నదని భ్రమపడవద్దు. మొదటి ఉద్దేశము తెలిసికొనుట.

‘ఇప్పుడే సంతకము పెట్టు, ఇంటిలో అడుగనక్కరలేదు’ అనే మనిషి దగ్గర నిలువవద్దు. పత్రము ఇంటికి తెచ్చుకొని, ఒక రాత్రి ఉంచుకొని, భార్యతో మాట్లాడి వెళ్ళండి. తలకింత అని కమిషను తీసికొనే దళారి చెప్పే మాట సమ్మతి కాదు, బేరము.

వెళ్ళేవానికి కూడ బాధ్యత ఉన్నది. కొందరు పోయిన నెలలో వేరొక చోట రక్తము ఇచ్చి, ఆ సంగతి దాచి మరల చేరుతారు. వాడిన మందులు, త్రాగిన మద్యము దాస్తారు. అది తన శరీరమునకు అపాయము. అంతకంటె, ఆ తప్పు లెక్కను నమ్మి రేపు మాత్ర మ్రింగే రోగికి అపాయము. పరీక్షలో చెప్పే అబద్ధము, పొరుగువాని మీద చెప్పే అబద్ధ సాక్ష్యము వంటిదే.

సంఘము పని

నాలుగు రోజుల తరువాత నేను ఆ యువకుని గదికి వెళ్ళాను. “నేను తొందరపడి మాట్లాడినాను బిడ్డా” అని చెప్పాను. పత్రము ఉన్నదా అని అడిగాను. దళారి ఇవ్వలేదన్నాడు. “పత్రము చేతికి రాకుండ బండి ఎక్కకు” అన్నాను. ఆ మాట దళారికి చెప్పగా అతడు మరల ఫోను ఎత్తలేదట. నెల గడచిన తరువాత వేరొక చోటి నుండి తెలుగు పత్రము తెచ్చుకొని నా యొద్దకు వచ్చాడు. ఇద్దరము కూర్చొని రెండు సార్లు చదివాము. మూడు ప్రశ్నలు వ్రాసికొన్నాడు, ఫోనులో అడిగాడు, జవాబులు వచ్చాయి. అప్పటికి సాంచలు మరల నడుస్తున్నాయి. “ఇప్పుడు పోకున్నా నడుస్తది పెద్దబాపూ. అయినా పోతా. మా అవ్వ తినే బీపీ గోలీలు గిట్లనే వచ్చినయట గదా” అన్నాడు. వెళ్ళాడు, క్షేమముగా తిరిగి వచ్చాడు.

నేను చెప్పినది సరియేనా? ఇప్పటికిని నా మనస్సులో కొంత వణుకు ఉన్నది. అతనికి ఏమైన జరిగి ఉంటే ఈ వ్యాసము వ్రాసే ధైర్యము నాకు ఉండేది కాదు. కాని ఒకటి మాత్రము నిశ్చయముగా తెలుసు. మొదట మెట్ల మీద నన్ను ఆపినప్పుడు అతడు ‘కాదు’ అనలేని స్థితిలో ఉన్నాడు. నెల తరువాత అనగలిగిన స్థితిలో ఉండి ‘అవును’ అన్నాడు. ఆ రెండు ‘అవును’ల మధ్య నున్న దూరము సాంచలు తిరిగినందున తీరినదే గాని, మా సంఘము తీర్చినది కాదు. మూడు వారములు అతని పొయ్యి సరిగా వెలగలేదని మా పెద్దలలో ఒక్కరికిని తెలియదు. పాపమా కాదా అని అడిగినవానికి నేను శరీరమును గూర్చి ప్రసంగించాను. ఇంటిలో బియ్యము ఉన్నవా అని అడుగలేదు.

అందువలన మా కూడికలో ఒక చిన్న పని మొదలుపెట్టాము. సాంచలు ఆగిన వారములలో స్త్రీల సమాజమువారు ఇండ్లు తిరిగి చూస్తారు. అవసరమైన ఇంటికి సహాయ నిధి నుండి బియ్యము, కిరాయికి కొంత చేబదులు ఇస్తాము. ఎవరైన ఏ పరీక్షకైన వెళ్ళదలిస్తే, వెళ్ళుమనిగాని వెళ్ళవద్దనిగాని మేము చెప్పము. చదువుకొన్నవారు ఒకరు కూర్చొని పత్రము చదివి వినిపిస్తారు. వెళ్ళినవానిని తిరిగి వచ్చువరకు ప్రార్థనలో జ్ఞాపకము చేసికొంటాము, వచ్చిన తరువాత ఇంటికి వెళ్ళి చూస్తాము.

ప్రియులారా, మీ సంఘములలో కూడ ఈ సంగతి ఆలోచించండి. రేపు ఉదయము మీరు మాత్ర వేసికొనేటప్పుడు ఒక్క క్షణము ఆగండి. ఆ గ్లాసులోని నీళ్లు ఎవరో ఒకరు దండు మధ్య నుండి తెచ్చినవి. తెలిసి తెచ్చినవారికి కృతజ్ఞత చెల్లించుదము. తెలియక మోసినవారి నిమిత్తము దుఃఖపడుదము. ఇక మీదట మన ఇండ్ల నుండి ఎవరైన బావి దగ్గరకు పోతే, కడుపు నిండి, కన్నులు తెరచి, వెనుకకు తిరుగగలిగే దారి ఉండి పోవునట్లు చూచుకొందము.